కమాండర్ టార్విన్‌కు విలువ కట్టిన వైనం

ఆ ఏడాది వేసవిలో మ్యూజియంల శాఖ దృష్టి భవిష్యత్తు మీద పడింది. అంతవరకు ఆ శాఖవారికి గతంతో తప్ప ఇంకెవరితోనూ పేచీ లేదు. రాజధానిలో, ఒంటికి శాలువా కప్పుకోవలసినంత చల్లగా ఉన్న హాల్లో మూడు రోజులు సదస్సు జరిగింది. "ఎంతకాలమని వెనక్కి తిరిగి కూర్చుంటారు? ముందుకు తిరగండి" అని ఎవరో నిపుణుడు అన్నాడట. పెద్దలంతా అక్కడికక్కడే కుర్చీలు తిప్పుకున్నారు. నాలుగో రోజుకల్లా ఉత్తర్వు వెలువడింది. ప్రతి జిల్లా మ్యూజియమూ తొంభై రోజుల్లోగా కనీసం ఒక 'భవిష్యత్ వారసత్వ వస్తువు'ను సేకరించి ప్రజల సందర్శనార్థం ఉంచాలి.

గౌతమీపురం మ్యూజియంలో అప్పటికి ఉన్నవి ముక్కు లేని నంది, తుప్పు పట్టిన ఫిరంగి, ఎవరూ చదవలేని మూడు శాసనాలు, ఎవరైనా చదవగలరు గనుక ఎవరూ పట్టించుకోని నాలుగోది. వీటన్నిటికీ స్టోర్‌కీపరు మంగతాయారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఇంకో ఆరు నెలల్లో రిటైరవుతుంది. ఏ వస్తువు ఏ బీరువాలో ఉందో ఆవిడకి తెలుసు. ఎందుకుందో మాత్రం ఆవిడ ఎవర్నీ అడగదు.

క్యూరేటరు చిదంబరరావు గారు ఉత్తర్వు చేత్తో పట్టుకుని స్టోరు గదికి వచ్చారు.

"భవిష్యత్తులో వస్తువు ఎక్కడ దొరుకుద్దమ్మా తాయారూ?"

"అదింకా జరగలేదు కదండీ. జరిగితే స్టోర్లో ఉండేదండీ" అంది మంగతాయారు.

ఆయన ఎనభై తొమ్మిది రోజులూ ఈ జవాబు గురించే దిగులుపడేవారేమో. కానీ వారం తిరక్కుండానే సత్యానందం వచ్చాడు.

సత్యానందం మూతబడిన మినర్వా టాకీసులో ఆపరేటరుగా చేసినవాడు. పాతికేళ్ళు చీకట్లో కూర్చుని ఊరందరికీ బొమ్మ చూపించాడు. ఆ రోజు సైకిలు వెనక కట్టుకుని ఒక పెట్టె తెచ్చాడు. హార్మోనియం పెట్టె అంత ఉంటుంది. ముందు భాగం పారదర్శకమైన కాగితం. దాని వెనక జానెడు ఎత్తు బొమ్మ, వెండి రంగు దుస్తులు, నెత్తిన హెల్మెట్టు, చేతిలో తుపాకీ. పక్కనే ఆరు చక్రాల ఎర్ర బండి. పైన ఇంగ్లీషులో పెద్దక్షరాలు: 'కమాండర్ టార్విన్, ఆయన చంద్ర వాహనం. క్రీ.శ. 2480.'

"కాకినాడ రేవులో ఓ ఓడ కళాసీ ఇచ్చాడండి, ఎనభయ్యేడులో. నా చేతి వాచీ ఇచ్చి పుచ్చుకున్నానండి" అన్నాడు సత్యానందం. "అప్పట్నించీ తెరవలేదండి. తెరిస్తే ఏది విరుగుద్దోనని భయమండి. ఇవాళ తెరుద్దాం, రేపు తెరుద్దాం అనుకుంటూనే ముసలోణ్ణయిపోయానండి."

"మరిప్పుడు మాకెందుకిస్తున్నారు?" అంది మంగతాయారు.

"కళ్ళకి నీటికాసులొచ్చాయండి. దసరాలు దాటాక చూపుకి హామీ లేదన్నాడు డాక్టరు. మీ పిల్లల గదిలో పెట్టండి. పిల్లలు ఆడుకుంటారు. ఆ బండి కదుల్తుంటే ఒక్కసారి చూసేత్తానండి. ఆ తర్వాత పోతే పోనివ్వండి."

పిల్లల గదిలో ఉన్నది ఒక్క చెక్కగుర్రం. దానికీ ఒక చెవి లేదు. "కూకోండి, బాబాయిగారూ. బ్యాటరీలు తెప్పిస్తాను, ఇప్పుడే తెరిచేద్దాం" అని కత్తెర కోసం సొరుగు లాగింది.

అంతలో చిదంబరరావు గారు గుమ్మంలో నిలబడి పెట్టె మీది అంకెలు చదివారు. రెండు వేల నాలుగు వందల ఎనభై. ఆయన ముఖం తెల్లవారినట్టు వెలిగింది.

"తాయారూ! కత్తెర కింద పెట్టు! అది ఇరవయ్యయిదో శతాబ్దం!"

అరగంటలో పెట్టె పైమూత మీద లక్క ముద్రలు పడ్డాయి.

* * *

ఉత్తర్వులో పదకొండు నిబంధనలున్నాయి. ఏడో దాని ప్రకారం వస్తువును దొరికిన స్థితిలోనే ఉంచాలి, తెరవరాదు. ఎనిమిదో దాని ప్రకారం విలువ కట్టనిదే ప్రదర్శనకు పెట్టరాదు. తొమ్మిదో దాని ప్రకారం ప్రతి భాగాన్నీ క్షుణ్ణంగా పరీక్షించనిదే విలువ కట్టరాదు. ఈ మూడూ రాసింది ఒక్కరే. మధ్యమధ్యలో టీకి వెళ్ళొచ్చి ఉంటారు.

మూల్య నిర్ధారణ సంఘం జులైలో సమావేశమైంది. అధ్యక్షురాలు జాయింట్ డైరెక్టరు డాక్టర్ సౌదామిని గారు. ఆవిడ మామూలుగా మంచినీళ్ళు అడిగినా అందులో 'తగు చర్య నిమిత్తం' అనే మాట వినిపిస్తుంది. పెట్టె బల్ల మీద ఉంది. సంఘం దాని చుట్టూ కూర్చుంది. సత్యానందం వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

"ముందుగా కాల నిర్ణయం" అన్నారు సౌదామిని గారు. "వస్తువు మీదనే క్రీస్తుశకం రెండు వేల నాలుగు వందల ఎనభై అని లిఖితపూర్వకంగా ఉన్నది. శాసన ప్రమాణం ఉన్నచోట ఊహలకు తావు లేదు."

"అది బొమ్మ తయారుచేసినోళ్ళు సరదాకి..." అని మంగతాయారు మొదలుపెట్టింది.

"స్టోర్‌కీపరు గారూ, శాసనం సరదాకు వేయరు."

మినిట్సు బుక్కులో అలాగే రాశారు. 'కాలం: ఇరవై ఐదవ శతాబ్ది. ప్రస్తుత స్థితి: ఇంకను తయారు కాలేదు.'

ఇక అక్కణ్ణించి సంఘం వారి బుద్ధికి పదును పెరిగింది. ఇంకా తయారు కాని వస్తువు సత్యానందం చేతికి ఎలా వచ్చింది? సౌదామిని గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్ళజోడు తీస్తే ఎవరో ఒకరికి తిరుగుడు తప్పదని మంగతాయారుకి అనుభవం.

"గతం నుంచి వస్తువులు అక్రమంగా తరలకుండా మనకు చట్టమున్నది. భవిష్యత్తు నుంచి తరలిరాకుండా ఏమున్నది? ఈ వస్తువు భవిష్యత్తు నుండి దొంగ రవాణా కాలేదని దాత తహసీల్దారు వద్ద ధ్రువపత్రం పొంది సమర్పించవలెను."

మంగతాయారు వరండాలోకి వెళ్ళి ఈ సంగతి సత్యానందానికి చెప్పింది. చెబుతుంటే ఆవిడకే సిగ్గేసింది. ఆయన మాత్రం నవ్వలేదు, విసుక్కోలేదు. "ఆయ్, తెత్తానండి. రేషను కార్డు పట్టుకెళ్ళాలాండి?" అని అడిగాడు.

ఆ ధ్రువపత్రానికి నాలుగు వారాలు పట్టింది. తహసీల్దారు కార్యాలయంలో అలాంటి ఫారం లేదు. లేని ఫారం ఎవరికీ ఇవ్వలేమన్నారు. తర్వాత ఒక గుమాస్తా జాలిపడి నివాస ధ్రువపత్రం తీసి, 'గత పదేళ్ళుగా ఈ గ్రామమందు నివసించుచున్నారు' అన్నచోట 'ఈ శతాబ్దమందు నివసించుచున్నారు' అని దిద్ది ముద్ర కొట్టాడు. ఇద్దరు సాక్షులు కూడా సంతకం చేశారు. సత్యానందాన్ని రాబోయే ఏ శతాబ్దంలోనూ చూడలేదని వాళ్ళు దేవుడి మీద ప్రమాణం చేశారు.

ఆ కాగితం తెచ్చిన రోజు ఆయన గుమ్మం దగ్గర గోడ తడుముకున్నాడు. స్టోరు గదిలో పెట్టె ముందు వంగి చాలాసేపు చూశాడు.

"అక్షరాలు కనపట్టం లేదండి. ఎరుపు తెలుత్తుంది. అది బండే కదండి?"

"బండే, బాబాయిగారూ."

"పర్లేదులెండి. ఎరుపు తెలుత్తుందిగా."

* * *

ఆగస్టు సమావేశంలో సంఘం దాత సంగతి పక్కనపెట్టి బండిని చేపట్టింది. వాహనం గనుక రవాణా శాఖ అభిప్రాయం తప్పనిసరి అన్నారు. సెప్టెంబరులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ప్రకాశరావు గారు టేపు, టార్చిలైటుతో సహా దిగారు. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని పారదర్శక కాగితంలోంచి టార్చి కొట్టి చూశారు.

"చక్రాలు ఆరు. కాబట్టి భారీ వాహనం. సారథి హెల్మెట్టు ధరించినాడు, సంతోషం. ఈ ఊళ్ళో హెల్మెట్టు పెట్టిన మొదటి మనిషి ఇతనే" అని రాసుకున్నారు. తర్వాత ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "స్టీరింగు ఎడమ వైపున్నది. మన దేశంలో చెల్లదు."

"అది చంద్రుడి మీద తిరిగేదండీ" అంది మంగతాయారు.

"అక్కడ రోడ్డుకి ఏ పక్కన నడుపుతారో సంబంధిత అధికారుల నుంచి రాతపూర్వకంగా తెప్పించండి. అంతవరకు ఆ అంశం పెండింగు. ఇప్పుడు బ్రేకు పరీక్ష. వాహనం నడిపి చూపించండి."

చిదంబరరావు గారు ఏడో నిబంధన చదివి వినిపించారు. ఇన్‌స్పెక్టరు గారు తమ నియమావళి చదివి వినిపించారు. తెరవకూడదు. నడపకుండా వదలకూడదు. ఇద్దరూ ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. రెండు శాఖలు ఎదురుపడ్డప్పుడు దారి ఇవ్వడానికి పైనుంచి ఉత్తర్వు రావాలి. అది వచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. మంగతాయారుకి దసరాలు గుర్తొచ్చాయి.

"అయ్యా, బండి పెట్టెలో ఉంది. పెట్టె కదిలితే బండి కదిలినట్టు కాదాండీ?" అంది.

ఆవిడ విసుగుతో అన్నది. ప్రకాశరావు గారు మాత్రం లేచి నిలబడి ఆవిడ వైపు ఆరాధనగా చూశారు.

విగ్రహాలు తరలించే నాలుగు చక్రాల తోపుడు బల్ల తెచ్చారు. దాని మీద పెట్టె పెట్టారు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు అటెండరు తోశాడు. ఇన్‌స్పెక్టరు గారు ఈల ఊదారు. అటెండరు ఆపాడు. మూడుసార్లు జరిగింది. 'వాహనం నిర్దేశించిన చోట ఆగినది. బ్రేకులు సంతృప్తికరం. సారథి ప్రవర్తన మర్యాదపూర్వకం' అని నివేదిక రాసి ఇచ్చి, తుపాకీ తమ శాఖ పరిధిలోకి రాదని చెప్పి వెళ్ళిపోయారు.

తుపాకీ సంగతి పోలీసు శాఖకు రాయాలా అని చిదంబరరావు గారు అడిగారు. మంగతాయారు వినపడనట్టు ఊరుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ నేర్చుకున్న విద్యల్లో అది మొదటిది.

వరండా బెంచీ మీద సత్యానందం తల ఒకవైపు వంచి కూర్చున్నాడు.

"ఏదో దొర్లిన చప్పుడైందండి. నా బండేనాండి?"

"కాదు బాబాయిగారూ. అది ప్రభుత్వం బండి" అంది మంగతాయారు.

* * *

అన్ని పరీక్షలూ పూర్తయ్యాక విలువ ఎంతో చెప్పగల మనిషి సంఘంలో ఒక్కరూ లేరని తేలింది. హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. పేరు శ్రీకరుడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇలాంటి బొమ్మలు పోగుచేసేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ఇంట్లో నాలుగు వందల పెట్టెలున్నాయట, ఒక్కటీ తెరవలేదట. తెల్ల చేతి తొడుగులు వేసుకుని, పెట్టె మీద ఊపిరి పడకుండా తల పక్కకి తిప్పుకుని భూతద్దంతో నాలుగు మూలలూ చూశాడు. చూస్తూ చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

"మూలలు నలగలేదు మేడమ్. జిగురు కదల్లేదు. అంచు మీద కంపెనీ ముద్ర కూడా చెక్కుచెదర్లేదు. ఇలాంటి పెట్టె దేశంలో ఇంకోటి లేదు. అమూల్యం!"

సౌదామిని గారు నిటారుగా కూర్చున్నారు. "లోపలి వ్యోమగామి, వాహనముల స్థితి గూర్చి తమ అభిప్రాయం?"

"వాటిని నేను చూళ్ళేదు మేడమ్."

"చూడకపోవడమేమిటి?"

"అవి ప్లాస్టిక్కు. ఎవరిక్కావాలి? దీని విలువంతా ఎవరూ తెరవకపోవడంలో ఉంది. పెట్టే వస్తువు. లోపలిది సామాను."

మూలనున్న మంగతాయారు మినిట్సు బుక్కు పక్కన పెట్టింది. "బాబూ, ఆ బొమ్మనీ బండినీ విడిగా ఇస్తే ఎంత చేస్తాయి?"

"విడిగానా? ఏమీ చెయ్యవాంటీ. సున్నా. పిల్లలు ఆడుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు."

"ఆ మాట కాగితం మీద పెడితే బావుంటుందండీ" అని మంగతాయారు సౌదామిని గారి వైపు వినయంగా తిరిగింది. "తొమ్మిదో నిబంధన కింద ప్రతి భాగానికీ విడివిడిగా విలువ చూపించాలి కదండీ. రేపు ఆడిట్లో అడుగుతారు."

ఆడిట్ అన్నాక ఏ అధికారి చెయ్యి ఆగుతుంది? శ్రీకరుడు రాసి ఇచ్చాడు. 'పెట్టె: అమూల్యం. లోపలి బొమ్మ, వాహనం: విలువ లేనివి.' సౌదామిని గారు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. చిదంబరరావు గారు దాని కింద పెట్టారు. తొంభై రోజుల గడువు దాటిన సంగతి ఎవరూ ఎత్తకుండా, ప్రారంభోత్సవం నవంబరులో అని తీర్మానించారు. పెట్టెను తాళం వేసిన అద్దాల పేటికలో ఉంచాలనీ, ఎవరూ మూడడుగుల లోపలికి రాకూడదనీ, ఒక సాయుధ గార్డు కావాలనీ కూడా తీర్మానించారు.

మర్నాడు పొద్దున మంగతాయారు స్టోర్ల నియమావళి తీసింది. అందులో ముప్పై నాలుగో నియమం ఆవిడకి కంఠతా వచ్చు. అయినా ఒకసారి చదువుకుంది. సంఘం విలువ లేనివిగా తేల్చిన సామానును స్టోర్‌కీపరు తన సంతకం మీద వినియోగానికి ఇవ్వవచ్చును. సర్వీసు ఇంకో రెండు నెలలుంది. ఈ రెండు నెలల్లో ఒక్క మెమో వచ్చినా పింఛను కాగితాలు ఏ బీరువాలో పడుకుంటాయో ఆవిడకి తెలియంది కాదు. అలాంటి కాగితాలు పడుకునే బీరువాలన్నీ ఆవిడ చూసినవే.

ఇష్యూ రిజిస్టరులో రాసింది: 'బొమ్మ ఒకటి, బండి ఒకటి. ఎవరికి: పిల్లల గదికి. కారణం: ఎందుకూ పనికిరానివి గనుక.'

లక్క ముద్రలున్నది పైమూత మీద. కింది మూత గురించి ఏ ఉత్తర్వులోనూ లేదు. టీ కెటిల్ ఆవిరి పట్టి, చాకు మొనతో జిగురు మెల్లగా వదిలించింది. కమాండర్ టార్విన్ ముప్పై ఏడేళ్ళ తర్వాత కాళ్ళ వైపు నుంచి బయటికి జారాడు. వెనకాలే బండి వచ్చింది.

పదకొండు గంటలకి సత్యానందం వచ్చాడు. ఆవిడే రిక్షా పంపించింది. పిల్లల గదిలో అప్పటికే మున్సిపల్ బడి నుంచి వచ్చిన మూడో తరగతి పిల్లలు పాతికమంది ఉన్నారు. సత్యానందం నేల మీద బోర్లా పడుకున్నాడు, చెంప గచ్చుకి ఆన్చి. అలా పడుకుంటే కొంచెం చూపు ఆనుతుందన్నాడు. మంగతాయారు కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కింది.

బండి కదల్లేదు.

ఆవిడ మళ్ళీ నొక్కింది. అప్పుడొక పిల్ల వచ్చి, అడగకుండానే బండిని తిరగేసి అరచేత్తో గట్టిగా రెండు చరిచింది. లోపల ఏదో గరగరలాడింది. ఆరు చక్రాలూ తిరిగాయి. ముందు దీపం వెలిగింది. బండి గచ్చు మీద నేరుగా పోయి, చెక్కగుర్రానికి గుద్దుకుని, వెనక్కి తిరిగి, సత్యానందం ముఖం వైపు వచ్చింది.

"వత్తుంది... వత్తుంది" అన్నాడాయన. "ఎర్రగా వత్తుందండి! దీపం కూడా ఉందండి! దీపం ఉన్నట్టు నాకు తెలీదండి!"

బండి ఆయన ముక్కుకి తగిలి ఆగింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆ తర్వాత పావుగంటలో టార్విన్ ఎడమ చెయ్యి ఊడింది. ఎవరు విరిచారో పాతికమందికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. గదంతా చప్పున నిశ్శబ్దమైపోయింది.

"ఏవైంది? విరిగిందా?" అన్నాడు సత్యానందం.

"చెయ్యొకటి, బాబాయిగారూ" అంది మంగతాయారు బెదురుగా.

ఆయన లేచి కూర్చున్నాడు. ఊడిన చెయ్యి తీసుకుని వేళ్ళతో తడిమాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "ఇంతేనాండి? దీనికాండి ముప్పయ్యేడేళ్ళు భయపడ్డాను? ఆడుకోండమ్మా, ఆడుకోండి!"

* * *

నవంబరులో ప్రారంభోత్సవం నాటి ఉదయం చిదంబరరావు గారు పెట్టెను అద్దాల పేటికలోకి స్వయంగా ఎత్తారు. తేలిగ్గా లేచింది. లోపలికి చూసి, గోడకి ఆనుకుని, అక్కడే చతికిలబడ్డారు. మంగతాయారు మంచినీళ్ళూ ఆకుపచ్చ సంతకమున్న కాగితమూ పక్కపక్కనే పెట్టింది.

సౌదామిని గారి కారు అప్పుడే ఆగింది. బయట షామియానా కింద ఊరి పెద్దలు, విలేకరులు, సన్నాయి మేళం. ఆవిడ పెట్టెను చూశారు. కాగితం చూశారు. కింద తన సంతకం చూశారు. సంతకాన్ని కాదంటే నాలుగు నెలల సమావేశాలూ కాదనాలి. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అంతలోనే ఆవిడలోని జాయింట్ డైరెక్టరు తేరుకున్నారు.

మైకు ముందు నిలబడి ఇలా అన్నారు: "మీరు చూస్తున్నది ఖాళీ పెట్టె అని అల్పబుద్ధులకు తోచవచ్చు. భవిష్యత్తు ఇంకను రాలేదు. రానిది పెట్టెలో ఎట్లుండును? ఉన్నచో అది భవిష్యత్తు కానేరదు. ఆ సత్యమును తొలిసారిగా ప్రదర్శనకు పెట్టిన ఘనత గౌతమీపురానికి దక్కినది."

చప్పట్లు మారుమోగాయి. మర్నాడు పత్రికల్లో ఫోటో వచ్చింది. పదిహేను రోజుల్లో జిల్లాకొక ఖాళీ పెట్టె సేకరించాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. అన్నీ ఒకే కొలతలో ఉండాలన్నారు. కొన్ని జిల్లాల వాళ్ళు పెట్టె దొరక్క, నిండు పెట్టెలు కొని ఖాళీ చేశారని వినికిడి.

మంగతాయారుకి రెండు కవర్లు ఒకే టపాలో వచ్చాయి. ముందస్తు అనుమతి లేకుండా కింది మూత తెరిచినందుకు సంజాయిషీ కోరుతూ ఒకటి, పెట్టె విలువ ఏమాత్రం చెడకుండా కాపాడినందుకు ప్రశంసిస్తూ ఇంకొకటి. రెంటి మీదా ఆకుపచ్చ సంతకమే. ఆవిడ మెమోకి జవాబుగా ప్రశంసాపత్రం నకలు జతచేసి పంపింది. ఆపైన ఎవరూ ఏమీ అడగలేదు. డిసెంబరు ఆఖర్న దండ వేసి ఇంటికి పంపించారు. పింఛను కాస్త ఆలస్యమైనా వచ్చింది.

సత్యానందం చూపు కార్తీకంలో పూర్తిగా పోయింది. అయినా శనివారాలు పిల్లల గదికి వస్తూనే ఉన్నాడు. మంగతాయారూ వస్తుంది, ఊడిన చక్రాలు అతికించడానికి. అద్దాల పేటికకి కాపలా ఉండాల్సిన గార్డు కూడా ఎక్కువగా అక్కడే కనిపిస్తాడు.

మొన్నొక శనివారం బడి పిల్లలు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం భోజనాల వేళ, సత్యానందం గోడకి చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. తలుపు మెల్లగా మూసిన చప్పుడైంది. ఎవరో ప్యాంటు మోకాళ్ళ మీదకి లాక్కుని నేల మీద కూర్చున్నారు. మీట నొక్కారు. బండి గరగరమంటూ బయల్దేరింది.

"ఎవరండీ?" అన్నాడు సత్యానందం.

బండి చప్పుడు టక్కున ఆగింది. తర్వాత చిదంబరరావు గారి గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"పిల్లలమేనండి."